ఎడమ పేజీలు

కోదాడ నుంచి నా మనవరాలు వేసవి సెలవులకు వచ్చి నాలుగు రోజులైంది. వస్తూ వస్తూ బట్టల సంచీతో పాటు గీతలు లేని తెల్ల కాగితాల నోటుబుక్కు ఒకటి తెచ్చుకుంది. బడి వాళ్ళు ఇచ్చారట. రోజుకో పేజీ చొప్పున సెలవులు అయ్యేలోగా నింపి తీసుకెళ్ళాలట. ఏం రాయాలో, ఏం గీయాలో మాత్రం చెప్పలేదట. నాలుగు రోజులుగా ఆ పిల్ల చేస్తున్న పని ఒక్కటే. నోటుబుక్కు ముందేసుకుని కూర్చోవడం, పెన్సిలు కొన కొరకడం, విసుగొచ్చి ఫోనందుకోవడం.

"ఏమీ తోచట్లేదు అమ్మమ్మా. ఫోన్లో చూసి ఏదో ఒక బొమ్మ దించేయనా?" అంది ఈ రోజు మధ్యాహ్నం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏళ్ళ తరబడి బడిపిల్లలతో వేగిన నోరాయె. "దించుతదంట, దించుతది! కండ్లు లేవా నీకు? చెవులు లేవా? ఇంత సూర్యాపేట ముంగట పెట్టుకోని ఫోన్ల ఏం ఎతుకుతవే?" అని గయ్యిమన్నాను. పిల్ల మూతి ముడుచుకుని గోడవైపు తిరిగి కూర్చుంది.

అరిచాక నా మనసు ఊరుకోలేదు. లోపలి గదిలోకి వెళ్ళి ఇనుప పెట్టె తెరిచాను. అడుగున, చీరల కింద, పాత గుడ్డలో చుట్టిన నోటుబుక్కు తీసుకొచ్చి దాని ఒళ్ళో పెట్టాను. అట్ట మట్టిరంగుకు తిరిగింది, పేజీలు పసుపుపచ్చగా మారాయి.

"ఇది నువ్వు రాసిందేనా అమ్మమ్మా?"

"సగం నేను."

"మిగతా సగం?"

"మా చిన్నత్త. మా నాయిన చెల్లె."

పిల్ల అలక మరిచిపోయి పేజీలు తిప్పింది. ఒకచోట నవ్వింది, ఒకచోట వేలుపెట్టి తడిమింది. కొంతదూరం పోయాక ఆగింది. "ఇక్కణ్ణుంచి ఎడమ పక్క పేజీలన్నీ ఖాళీగా వదిలేశావేంటి? కుడి పక్కనే రాసుంది?"

"బకెట్ల మామిడిపండ్లు నానేసిన, పోయి తిను" అన్నాను. అది పోయింది. నేను మంచం మీద కూర్చుని మొదటి పేజీ తీశాను.

మా ఊరు చివ్వెంల దిక్కు. ఇప్పుడు బైకు మీద పావుగంటలో పోతున్నారు గానీ, అప్పుడు సూర్యాపేట పోవాలంటే పొద్దున వచ్చే ఒక్క బస్సు కోసం తెల్లారకముందే తయారై నిలబడాల్సినంత పని. మా ఇంట్లో నాయన, అమ్మ, నాయనమ్మ, చిన్నత్త, నేను. చిన్నత్తకు అప్పుడు పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. నేను నాలుగో తరగతి పాసై, పెద్ద చదువు చదివేసినట్టు తిరుగుతున్న దాన్ని.

చిన్నత్తకు చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి, అది గుండెకు పట్టిందట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఏడో తరగతి దాకా ఊళ్ళోనే చదివింది. పై చదువుకు పక్క ఊరికి నడిచి పోవాలి. నాయన ఒప్పుకోలేదు. "సదువు లేదు గిదువు లేదు, ముందు పానం" అని ఆపేశాడు. తన చెల్లెలంటే ఆయనకు ప్రాణమే. ప్రాణం కాబట్టే ఆపాడు. కానీ అత్త ఆ రోజు నుంచి పుస్తకాల సంచీని దూలానికి వేలాడదీసి, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ ఎండాకాలం మొదట్లో ఆమెను సూర్యాపేట దవాఖానకు, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయారు. పదిరోజుల తర్వాత తిరిగొచ్చినప్పుడు అమ్మ కళ్ళు వాచి ఉన్నాయి. ఆపరేషన్‌కు ఒళ్ళు తట్టుకోదన్నారని, ఉప్పు ముట్టొద్దన్నారని, మంచం దిగొద్దన్నారని నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. వసారాలో నులకమంచం వేసి ఆమెను పడుకోబెట్టారు.

ఒకరోజు నాయన మందుల కోసం సూర్యాపేట పోతూ, "నీకేం తేవాలె చెల్లె?" అని అడిగాడు.

"నోటుబుక్కు. గీతలు లేనిది" అంది అత్త.

నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓయమ్మ! ఈ ఈడు పోరిలు గాజులడుగుతరు, రిబ్బన్లడుగుతరు. గిదేం పోరి తల్లీ, ఉత్త కాయితాలు అడుగుతది!"

నాయన తెచ్చాడు. పొడుగు నోటుబుక్కు, నీలం అట్ట. కొత్త కాగితం వాసన మేమిద్దరం చెరో వైపు ముక్కు పెట్టి పీల్చాం. అప్పుడు అత్త నాకు ఆట నియమాలు చెప్పింది.

"ఎడమ దిక్కు నాది, కుడి దిక్కు నీది. రోజుకు ఒక్కటే పేజి. బడి పుస్తకంల ఉన్నది ఎక్కియ్యొద్దు. చింపొద్దు. ఒకసారి ఏసింది మల్ల ఎయ్యొద్దు. సమజైందా?"

"ఎందుకత్తా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? మంచంల పండుకోని పండుకోని నాకు దూలాలు తప్ప ఏం కనబడ్తలేవు. రోజుకొక కొత్తది దొరుకుతదో లేదో సూద్దాం."

పుస్తకం తెరిస్తే మొదటి పేజీ కుడివైపే వస్తుంది కాబట్టి ఆట నేనే మొదలుపెట్టాను. నా అరచేయి కాగితం మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీశాను. అంతకన్నా తెలివి నాకు లేదు. మర్నాడు ఎడమ పేజీలో అత్త ఏం చేసిందో చూస్తే నాకు మతి పోయింది. మధ్యాహ్నం పూట మంచంలో పడుకుని తనకు వినబడిన చప్పుళ్ళన్నీ రాసింది. పిండిగిర్ని టకటక, పక్కింటి వాళ్ళ రోలు, బర్రె నెమరేయడం, నాయనమ్మ గురక, నేను దొంగతనంగా బెల్లం డబ్బా మూత తీయడం. చివరిది రాయకపోతే ఏం పోయేదో! నాయనమ్మకు చదివి వినిపించింది కూడా. నా వీపు విమానం మోత మోగింది.

నా పగ నేను ఇంకోలా తీర్చుకున్నాను. నాయనమ్మ ఒక్క రోజులో ఎన్ని తిట్లు తిడుతుందో వెనకవెనకే తిరిగి ఎక్కించాను. నీ చేతులిరిగిపోను, నీ నోట్ల మన్నుబడ, నీ జిమ్మడ, నీ పాడుగాను... కుడి పేజీ చాలలేదు. అత్త చదువుతుంటే నాయనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను గిన్ని తిడ్తనా? అబద్దం! నీ చేతులిరిగిపోను, గివన్ని రాసినవా?" అంది. అత్త నవ్వి నవ్వి ఆయాసపడితే అమ్మ పరుగెత్తుకొచ్చి వీపు నిమిరింది. ఆ తర్వాత మూడు రోజులు నవ్వించొద్దని నాకు ఆర్డరు.

తండా నుంచి చింతచిగురు అమ్మడానికి ఒక ముసలామె వచ్చేది. అత్త నోటుబుక్కులో ఏదో చేస్తుంటే ఆమె బుట్ట దించి కాసేపు చూసింది. "నాకు రాసుడు రాదు బిడ్డా. గిది పెట్టుకో" అని తన లంగా నుంచి ఊడిన అద్దం బిళ్ళ ఒకటి ఇచ్చింది. అత్త దాన్ని తుమ్మ జిగురుతో ఎడమ పేజీ నడుమ అంటించింది. కింద ఒక్క మాట రాసింది: "ఎవలు సూస్తే వాళ్ళ బొమ్మ." ఇందాక నా మనవరాలు వేలుపెట్టి తడిమింది దాన్నే.

నేను బడి పిల్లలతో నాగార్జునసాగర్ చూసొచ్చిన దాన్ని. అత్త చూడలేదు. ఒకరోజు "నువ్వు చెప్పు, నేనేస్త" అంది. నేను గొప్పలకు పోయి ఉన్నవీ లేనివీ చెప్పాను. గేట్లు ఎత్తితే నీళ్ళు ఆకాశందాకా లేస్తాయన్నాను. ఆమె నమ్మినట్టే తలూపి, ఆ పేజీ నిండా నీళ్ళే వేసింది. మూలన చిటికెన వేలంత గోడ, గోడ మీద చేతులు పట్టుకుని ఇద్దరు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. "నేను ఆడి దాంక ఎట్ల ఎక్కిన్నో అడగవేందే?" అని నన్నే వెక్కిరించింది.

ఇంకోరోజు కొత్త ఆట కనిపెట్టింది. ఊపిరి బిగబట్టి, పట్టి ఉంచినంతసేపూ మెల్లగా ఒక గీత గీయడం. ఊపిరి వదలగానే పెన్సిలు ఎత్తేయాలి. ఆమె గీత పేజీ ఈ చివర బయలుదేరి ఆ చివర చేరింది. చెమటలు పట్టాయి గానీ చేరింది. ఎంత గర్వపడిందో! పేజీని పైకెత్తి అమ్మకు చూపించింది.

మామిడికాయ తొక్కు పెట్టే రోజులొచ్చాయి. ఇల్లంతా ఆవపొడి, కొత్త కారం, కాగిన నువ్వుల నూనె వాసన. వెల్లుల్లి ఒలుస్తూ అమ్మ, ముక్కలు తుడుస్తూ నాయనమ్మ. ఉప్పు లేని చప్పిడి జొన్న గట్క తింటూ అత్త వసారాలోంచి అదే పనిగా చూస్తోంది. ఎవరూ చూడకుండా నన్ను పిలిచింది.

"ఒక్క ముక్క తెచ్చియ్యవే. జర నాలికకు రాసుకుంట, అంతే."

"డాక్టర్ వద్దన్నడు గదా."

"డాక్టర్ గీడికొచ్చి సూస్తడా? పో, నా బంగారి గదా."

తెచ్చాను. గౌనులో దాచి తెచ్చాను. కళ్ళు మూసుకుని ఆ ముక్క చీకిందే, ఆ ముఖం నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. టెంక కూడా చప్పరించి నా చేతికిచ్చింది. ఆ రోజు ఎడమ పేజీలో ఆమె ఏమీ గీయలేదు. నూనె కారం అంటిన బొటనవేలు కాగితానికి అద్దింది. ఆ ముద్ర ఇంకా ఉంది. ఎరుపు పోయింది, నూనె మిగిలింది. ఆ తర్వాత ఎన్నేళ్ళో ఆ ముక్క నన్ను పీక్కు తిన్నది. పెద్దయ్యాక ఒక డాక్టరమ్మను అడిగాను కూడా. ఒక్క ముక్కకు ఏమీ కాదంది. ఆమె మంచి మాట చెప్పిందో, నిజం చెప్పిందో నాకు తెలియదు.

అప్పుడే ఇంట్లో నా చదువు మాట వచ్చింది. ఇంకొక్క ఏడు చదివించి, ఐదో తరగతితో నన్ను ఆపేద్దామని నాయన అమ్మతో అంటుంటే అత్త విన్నది. మర్నాటి ఎడమ పేజీ మొత్తం ఒక అర్జీ. బడిలో సెలవు కాగితం రాసే పద్ధతిలో రాసింది. "గౌరవనీయులైన అన్నగారికి, మీ చెల్లెలు నమస్కరించి వ్రాయునది. నాకు రెండు కాళ్ళున్నా నడవలేను గనుక ఆపితిరి. మీ బిడ్డ రోజంతా ఊరు తిరిగి వచ్చును. దానిని ఆపుటకు కారణమేమి? దయచేసి దానిని చదివించగలరు. ఇట్లు, ఆగిపోయిన మీ చెల్లె."

సాయంత్రం నాయన చేను నుంచి రాగానే పైకి చదివింది. నాయన కాళ్ళు కడుక్కుంటున్నవాడు చెంబు అక్కడే పెట్టేశాడు. "నీకు గిదొక్కటే పనా? గమ్మున పండుకో" అని కండువా దులుపుకుని బయటికి పోయాడు. ఆ పూట అన్నం తినలేదు. అత్త కూడా తినలేదు.

"నీ కోసం కొట్లాడిన, నాకేమిస్తవ్?" అని నన్ను అడిగింది. ఇంకో తొక్కు ముక్క ఇస్తానన్నాను. ఇద్దరం దుప్పటిలో దూరి నవ్వుకున్నాం.

మృగశిర కార్తె ఇంకో వారం ఉందనగా ఆమె కాళ్ళు వాచాయి. దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెడితే తప్ప ఊపిరి ఆడేది కాదు. ఒకరోజు ఎడమ పేజీలో ఒకే ఒక్క చుక్క పెట్టి, "ఇయ్యాల నేను గింతే" అని రాసింది. నాకు భయమేసింది.

"అత్తా, నువ్వు సచ్చిపోతవా?" అని అడిగేశాను. నాయనమ్మ విని ఉంటే నన్ను బతకనిచ్చేది కాదు.

అత్త కోప్పడలేదు. నోటుబుక్కు తీసి, రాయని పేజీలన్నీ బొటనవేలితో గలగలలాడించింది. "సూడు, ఇంక ఎన్నున్నయో. గిది నిండేదాంక నేనేడికి పోత?"

"ఒట్టా?"

"ఒట్టు." నా నెత్తి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

రాత్రంతా నేను ఆలోచించాను. పొద్దున లేవగానే వెళ్ళి, "అత్తా, రోజూ రాయొద్దు. వారానికొక పేజి రాద్దాం" అన్నాను. ఆమె "అబ్బో, లెక్కలు బాగనే వస్తున్నయ్ నీకు" అని నన్ను దగ్గరికి లాక్కుంది. ఆమె గుండె నా చెవి కింద దబదబా కొట్టుకుంది. అయినా ఆట మాత్రం ఆపనివ్వలేదు.

బడులు తెరిచిన వారం. నేను బడిలో ఉన్నాను. పక్కింటామె వచ్చి సారుతో ఏదో చెప్పింది, సారు నా పలక ఆయనే సంచీలో పెట్టాడు. ఇంటికి పోయేసరికి అత్తను నట్టింట్లో చాప మీద పడుకోబెట్టారు. అందరూ ఆమె చుట్టూ ఉన్నారు. వసారాలో మంచం ఖాళీ. మంచం మీద నోటుబుక్కు తెరిచి ఉంది. ఎడమ పేజీలో ఒక గీత. ఊపిరి గీత. ఒకసారి వేసింది మళ్ళీ వేయొద్దన్నది ఆమే, మాట తప్పిందీ ఆమే. గీత నా బొటనవేలంత కూడా లేదు.

నేను ఏడవలేదు. నోటుబుక్కు ఎత్తుకుపోయి, వడ్లు పోసుకునే గుమ్మి వెనక సందులో దాచేశాను. ఇంకా పేజీలున్నాయి. ఎక్కడికీ పోనని ఒట్టేసింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. పోయినవాళ్ళు ఏ వస్తువు మీద ప్రాణం పెట్టుకుని ఉంటే దాన్ని వాళ్ళతో పాటు మట్టిలో పెడతారు. పెట్టకపోతే దానికోసం మళ్ళీ మళ్ళీ వస్తారంటారు. నాయనమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుని, నా ముఖం రెండు చేతులతో పట్టుకుని అడిగింది.

"ఎప్పుడు దాని ఎంబడే ఉంటివి బిడ్డా. దానికి దేని మీద పానముండె? నీకే ఎరుక. చెప్పు, ఎంట పంపుదాం."

"దువ్వెన" అన్నాను.

చెక్క దువ్వెన పెట్టి పంపారు. మళ్ళీ మళ్ళీ రావడమే కదా నాకు కావాల్సింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, సమాధి దగ్గర విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన ప్రాణానికి ఏ ఆశా మిగల్లేదని, నెమ్మదిగా పోయిందని అర్థం. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు. అమ్మ మక్కగారెలు చేసింది, చింతచిగురు పప్పు వండింది. నాయనమ్మ కొత్త జాడీ మూత విప్పి, చెయ్యి నిండా మామిడికాయ తొక్కు తీసి మోదుగాకుల విస్తరిలో వేసింది.

"ఇగ ఉప్పు తిను బిడ్డా. ఎవలు వద్దంటరు ఇగ నిన్ను" అని మట్టి మీద పడి ఏడ్చింది.

తుమ్మచెట్టు మీద రెండు కాకులున్నాయి. రాలేదు. పొద్దెక్కింది. ఒకటి దిగి, చుట్టూ నడిచి, మళ్ళీ ఎగిరిపోయింది. "పిట్ట ముడ్తలేదు" అన్నారెవరో. "దాని మనసుల ఏదో ఉన్నది" అన్నది ఇంకొకామె. నాకు తెలుసు ఏముందో. గుమ్మి వెనక ఉంది. చెబితే తెచ్చి పెడతారు, కాకి ముడుతుంది, అత్త పోతుంది. చెప్పకపోతే కాకి ముట్టదు, అత్త ఎక్కడికీ పోదు. నేను పళ్ళు బిగించి నిలబడ్డాను. నాయనమ్మ కొంగు చాచి చెట్టుకేసి మొక్కుతోంది. "నీకేం తక్కువ జేసిన్నే తల్లీ, చెప్పు" అంటోంది. అయినా నేను నోరు విప్పలేదు.

అప్పుడు నాయన ముందుకు వచ్చాడు. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేను అప్పటిదాకా చూడలేదు.

"చెల్లె, నీ అర్జీ నాకు యాదికున్నది" అన్నాడు కాకివైపు చూస్తూ. "ఇననట్టే పోయిన గని, ఒక్కొక్క మాట ఇన్న. నిన్ను నేనే ఆపిన. తప్పయింది తల్లీ. నీ కోడల్ని ఆప. అది ఎందాక సదువుతనంటే అందాక సదివిస్త. మన్ను ముట్టి చెప్తున్న. ఇగ తిను చెల్లె. నిన్ను ఆకలితోటి పంపలేను."

కాకి దిగింది. విస్తరి అంచున నిలబడి, ఒక్క క్షణం తల పక్కకు తిప్పి, తొక్కు ముక్క మీద ముక్కు పెట్టింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. నేను మాత్రం "తినొద్దు! తినొద్దు! పోతది!" అని అరుస్తూ పరుగెత్తాను. మట్టిగడ్డ తీసి కాకి మీద విసిరాను. అది తొక్కు ముక్క కరుచుకుని ఎగిరిపోయింది. అమ్మ నన్ను పట్టుకుని చెంప మీద కొట్టింది. "పిట్టను కొడ్తవా? పాపమే!" అని, కొట్టిన చేత్తోనే కావలించుకుంది. పిల్ల ఆకలికి, భయానికి పిచ్చిదైందన్నారు. ఎందుకు తరిమావని నన్ను ఎవరూ అడగలేదు.

నాయన మాట తప్పలేదు. రెండెకరాల చేనుతో, ఊరంతా నవ్వుతున్నా నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని హైస్కూలుకు దింపేవాడు. ఆ తర్వాత మిర్యాలగూడలో అమ్మ తరఫు బంధువుల ఇంట్లో పెట్టి పెద్ద చదువులు చదివించాడు. ఉద్యోగం వచ్చిన రోజు నా కన్నా ముందు పోయి అత్త సమాధి దగ్గర కూర్చున్నాడు. అత్త అర్జీ నాకు బతుకునిచ్చింది. నేను ఆమెకు దువ్వెన ఇచ్చి పంపాను.

నోటుబుక్కు మాత్రం నాతోనే తిరిగింది. మొదట్లో రోజూ కుడి పేజీ నింపి, ఎడమది ఆమెకు వదిలి, పెన్సిలు చెక్కి పక్కన పెట్టేదాన్ని. పొద్దున లేవగానే పరుగెత్తి చూసేదాన్ని. ఖాళీ. సరే, నీరసంగా ఉందేమో అనుకునేదాన్ని. కొన్ని నెలలకు వారానికోసారి, తర్వాత ఏడాదికోసారి. మిర్యాలగూడలో రైసుమిల్లుల పొట్టు గాలికి కళ్ళు మండిన మొదటి రోజు ఒక పేజీ. పెళ్ళినాడు ఒకటి. నా బిడ్డ పుట్టినప్పుడు దాని పాదం ముద్ర ఒకటి. ఎదురుగా ఎప్పుడూ తెల్ల కాగితమే. ఆ ఎడమ పేజీల్లో ఒక్కదాన్ని కూడా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నా బిడ్డ చిన్నప్పుడు ఒకసారి రంగు పెన్సిలు పట్టుకుని దాని మీదికి పోతే, చెయ్యి మెలితిప్పి లాగాను. పాపం, అదెందుకో దానికి ఇప్పటికీ తెలియదు.

నాయన పోయినప్పుడు కాకి ఒక్క నిమిషం కూడా ఆగలేదు. పెట్టగానే వచ్చి ముట్టింది. ఆయన బాకీ ఏదీ మిగుల్చుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చి చివరి కుడి పేజీ రాశాను. "అత్తా, నాయి అయిపోయినయ్. ఇగ అన్ని నీయే ఉన్నయ్. నిండేదాంక పోనన్నవ్. ఏడున్నవే? ఒక్కసారి రా."

అది రాసి పెట్టెలో పెట్టాక ఇన్నేళ్ళూ మళ్ళీ తెరవలేదు. ఇందాక ఆ పేజీ దాకా చదివి, కళ్ళు మసకబారితే నోటుబుక్కు మంచం మీదే వదిలి మేడ మీదికి పోయాను. వడియాలు ఎత్తాను. బట్టలు తీశాను. పొద్దు వాలేదాకా పైనే ఏదో ఒక పని పెట్టుకున్నాను.

దిగి వచ్చేసరికి నోటుబుక్కు తెరిచే ఉంది. చివరి పేజీల దగ్గర. ఎడమ పేజీలో ఏదో రాసి ఉంది.

వచ్చింది, అనుకున్నాను. అరవై దాటిన దాన్ని, పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పిన దాన్ని, చేతిలో ఎండిన బట్టలతో గుమ్మంలో నిలబడి, వచ్చింది అనుకున్నాను. నోట్లోంచి "అత్తా" అన్న మాట కూడా వచ్చేసింది.

కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాను. పెద్ద పెద్ద వంకర అక్షరాలు. "అమ్మమ్మా, ఆవిడ వచ్చిందా?" పక్కనే మామిడిపండు రసంతో పచ్చటి బొటనవేలి ముద్ర.

పిల్ల తలుపు చాటున నిలబడి ఉంది. మోచేతుల దాకా రసం కారుతోంది. "తిడతావా?" అంది.

తిట్టలేదు. పెన్సిలు అందుకుని, దాని ప్రశ్న కింద, అత్త పేజీలో, "రాలేదు" అని రాశాను. ఇన్నేళ్ళలో ఆ మాట నేను పైకి అననూ లేదు, కాగితం మీద పెట్టనూ లేదు.

పిల్ల నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది. నా చీరంతా మామిడిపండు వాసన. దాని తల మీద గడ్డం ఆనించి ఏడ్చాను. మా నాయనమ్మ రెండు చేతులూ నా చెంపల మీద ఉన్నట్టే ఉంది. అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెప్పాను.

"దువ్వెన గాదు నాయినమ్మా. నోటుబుక్కు."